డ్రాగన్ గురించి పదేళ్ళ చర్చ, కొండోళ్ళ గురించి ఒక్క మాట లేదు



ఈసారి రాసేది స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించి కాదు. ఒక వీడియో గేమ్‌లో ఉన్న ముసలి డ్రాగన్ గురించి. "ఇదేం టాపిక్ రా" అని స్క్రోల్ చేసేయకండి. ఆడనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా మొదట్నించీ చెప్తాం.

ఆట పేరు స్కైరిమ్. బెథెస్డా వాళ్ళు 2011 నవంబర్ 11న విడుదల చేశారు. మంచు కొండల దేశం, అక్కడ నార్డ్‌లు అనే జనం. ఎప్పుడో చచ్చిపోయాయి అనుకున్న డ్రాగన్లు మళ్ళీ లేస్తుంటాయి. లేపుతున్నవాడు ఆల్డుయిన్, వాటన్నిటికీ పెద్ద. మనం ఆడే మనిషిని డ్రాగన్‌బార్న్ అంటారు. ఒళ్ళు మనిషిది, ఆత్మ డ్రాగన్‌ది. ఆల్డుయిన్‌ని ఓడించే విద్య కోసం ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ ఎక్కాలి. శిఖరం మీద గురువు ఉంటాడు. తీరా చూస్తే ఆయనా డ్రాగనే. పేరు పార్థర్నాక్స్.

ఈయన గతం మామూలుది కాదు. పాత రోజుల్లో డ్రాగన్లు మనుషుల్ని బానిసలుగా ఏలినప్పుడు ఆల్డుయిన్ కుడిభుజం ఈయనే. డ్రాగన్ల భాషలో పేరుకి అర్థం కూడా ఆశ, దొరతనం, క్రూరత్వం. తర్వాత మనుషులు తిరగబడినప్పుడు ఈయన పక్క మారాడు. డ్రాగన్ల ఆయుధమైన మాటల విద్యని మనుషులకి నేర్పాడు. ఆ విద్యతోనే మనుషులు గెలిచారు. అప్పట్నించీ కొండ మీద వేల ఏళ్ళుగా ధ్యానం. కింద మఠంలో ఉండే గ్రేబియర్డ్స్ అనే సాధువులకి ఈయనే పెద్ద.

మన దగ్గర దీనికి పాత పోలిక ఉంది. విభీషణుడు. అన్నని వదిలి అవతలి పక్షానికి పోయాడు, గెలిచాక రాజ్యం దక్కింది. పురాణం ఆయన్ని ధర్మాత్ముడంది. జనం మాత్రం "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నారు. రెండు మాటలూ మనమే అనుకున్నాం, రెండూ వదల్లేదు. పార్థర్నాక్స్ కూడా అంతే. ఆల్డుయిన్ చచ్చాక తిరిగొచ్చి చూడండి, ఆయన పండగ చేసుకోడు. బాధపడతాడు, తనవాడు పోయాడని. ఆ తర్వాత మిగిలిన డ్రాగన్లని తన దారిలో పెడతానంటూ ఎగిరిపోతాడు. అది మంచికా, పెత్తనానికా అన్నది ఆట తేల్చి చెప్పదు. ఈ సందేహం అలాగే వదిలేయడం ఆట రాసినవాళ్ళ గొప్పతనమే, అందులో మాకు పేచీ లేదు.

పేచీ వేరే చోట. కథ సగం దాటాక బ్లేడ్స్ అనేవాళ్ళు అడ్డం పడతారు. వాళ్ళలో మిగిలింది ఇద్దరే, డెల్ఫిన్, ఎస్బర్న్. డ్రాగన్లని వేటాడ్డం వాళ్ళ వంశపు పని. పార్థర్నాక్స్ బతికున్నాడని తెలిసి ఎస్బర్న్ అంటాడు: వాడు పాత నేరస్థుడు, చంపి న్యాయం చెయ్యి, చంపేదాకా మా సాయం లేదు. చంపితే గ్రేబియర్డ్స్ మన మొహం చూడరు. చంపకపోతే బ్లేడ్స్ మాట్లాడరు. "చంపను" అని చెప్పి ఆ పనిని ముగించుకునే దారి అసలు ఆటలో లేదు. ఆ పని జర్నల్లో అలా పడి ఉంటుందంతే. ఆటగాళ్ళకి ఇది ఎంత మండిందంటే, కాదనే దారి పెట్టి "పార్థర్నాక్స్ డైలమా" అని ఒక మాడ్ తయారుచేసుకున్నారు. పదేళ్ళు దాటినా చంపాలా వద్దా అన్న వాదన ఆగలేదు.

మా తీర్పు: చంపకూడదు. అయితే ఎక్కువమంది చెప్పే కారణానికి మాత్రం కాదు.

ముందు, అడుగుతున్నది ఎవరో చూడండి. పార్థర్నాక్స్ చేతిలో నలిగింది పాతకాలపు నార్డ్ జనం. బ్లేడ్స్‌కి మూలమైన వేటగాళ్ళు అకవిర్ అనే వేరే ఖండం నించి, ఆ యుద్ధం అయిన ఎన్నో తరాల తర్వాత వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఈయన చేసిన అన్యాయం ఏమీ లేదు. నష్టపోయినవాళ్ళ తరఫున అడుగుతున్నాం అనొచ్చు. కానీ ఆ జనం వారసులు, ఆ విద్యే నేర్చుకున్న గ్రేబియర్డ్స్, ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నారు. వాళ్ళని ఒక్క మాట కూడా అడగకుండా తీర్పు రాసుకొచ్చి, అమలు చేసే పని ఇంకొకడి చేతిలో పెట్టడాన్ని న్యాయం అనలేం. పంచాయితీ అంటే ఇద్దర్నీ కూర్చోబెట్టాలి, అది మన గూడేల్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు.

రెండోది ఇంకా ముఖ్యం. ఎస్బర్న్ వాదన నేరంతో మొదలై నెత్తురు దగ్గర తేలుతుంది. వాడు డ్రాగన్, ఎప్పటికైనా తిరగబడతాడు, అది పుట్టుకలోనే ఉంది అని. చంపొద్దనేవాళ్ళు కూడా ఇదే ఒప్పుకుని మాట్లాడతారు: "పుట్టుక చెడ్డదే, కానీ కష్టపడి గెలిచాడు కదా." పార్థర్నాక్స్ కూడా ఆ మాటే చెప్పుకుంటాడు. మీరు నన్ను నమ్మకపోవడమే తెలివి, ఇంకో డ్రాగన్ని నేనైనా నమ్మను అంటాడు. వినడానికి గొప్పగా ఉంటుంది. మనకి మాత్రం ఇక్కడ గొంతులో ముల్లు దిగాలి.

ఎందుకంటే "పుట్టుకలోనే నేరం" అన్న మాట మీద మన దేశంలో చట్టమే నడిచింది. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాస్ ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన ఎరుకల వాళ్ళని ఆ జాబితాలోకి ఎక్కించారు. వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, ఊరు కదలాలంటే అనుమతి. స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది. పేరు పోయిందా? ఆ ఊరి పేరు చెప్పగానే మొహాలు మారడం ఇప్పటికీ చూస్తున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. "మనమూ పార్థర్నాక్స్ లాంటోళ్ళమే, మనల్నీ అలాగే రాక్షసులన్నారు" అని కొందరు తమ్ముళ్ళు స్టేటస్ పెడుతున్నారు. ఆ పోలిక మాకు నచ్చలేదు. పార్థర్నాక్స్ నిజంగా చంపాడు, ఏలాడు, తానే ఒప్పుకున్నాడు. హాజరు పట్టీలో పేరెక్కిన ఎరుకల పిల్లాడు ఏం చేశాడని? ఆ పోలిక ఒప్పుకుంటే, మనకీ ఏదో చెడ్డ పుట్టుక ఉందనీ, చదువుతోనో ఉద్యోగంతోనో దాన్ని గెలిచామనీ మనమే సంతకం పెట్టినట్టు. కాలేజీలో ఎవరో వచ్చి మెచ్చుకుంటూ "నువ్వు మీ వాళ్ళలా లేవు" అంటే, నవ్వి ఊరుకోవడం ఎంత కష్టమో ఈ గ్రూప్‌లో అందరికీ తెలుసు. మంచి రాక్షసుడు అనే బిరుదు అదే. మనవైపు నిలబడ్డాడు, పనికొచ్చాడు, తనవాళ్ళకి దూరంగా కొండెక్కి కూర్చున్నాడు కాబట్టి మంచివాడు. డ్రాగన్‌బార్న్‌లో కూడా ఉన్నది డ్రాగన్ ఆత్మే కదా, అతనికి మాత్రం బ్లేడ్స్ దండం పెడతారు. ఒళ్ళు మనిషిది కాబట్టి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం.

ఎస్బర్న్ ఈ న్యాయం మాట్లాడేది ఎక్కడ కూర్చుని? స్కై హేవెన్ టెంపుల్ అనే పాత గుడిలో. ఆ గుడికి దారి కార్త్‌స్పైర్ అనే చోట నించి పోతుంది. అక్కడ ఫోర్స్‌వోర్న్ అనే జనం మకాం ఉంది. ఏటి ఒడ్డున తోళ్ళ గుడారాలు, చెక్క వంతెనలు. కథలో మొదటిసారి ఆ గుడికి పోయేటప్పుడు డెల్ఫిన్, ఎస్బర్న్ మనతోనే వస్తారు. మకాం మీదుగా పోవాలి. ఎదురొచ్చినవాళ్ళని ఆ ఇద్దరూ మనతో కలిసి చంపుతారు. కావాలంటే నక్కి నక్కి పోవచ్చు, మాట్లాడి పోయే దారి మాత్రం ఆటలో లేదు. శవాల పక్క నించి గుహలోకి పోయి, పైకెక్కి, గుడి తలుపు తెరిచి, గోడ మీద బొమ్మలు చూసి ఎస్బర్న్ మురిసిపోతాడు. కొన్నాళ్ళకి అదే గుడిలో నిలబడి, వేల ఏళ్ళ కిందటి హత్యలకి ముసలి డ్రాగన్ లెక్క చెప్పాలంటాడు.

ఎవరీ ఫోర్స్‌వోర్న్? రీచ్ అనే ఆ కొండ ప్రాంతంలో పాత నించీ ఉన్న జనం. మార్కార్త్ పట్నం, ఆ కొండలు తమవి అంటారు. ఒకసారి తిరగబడి రెండేళ్ళు పట్నాన్ని ఏలారు కూడా. ఆ పాలన చాలావరకు ప్రశాంతంగానే నడిచిందని ఆటలోనే ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. నార్డ్‌లు దండెత్తి మళ్ళీ లాక్కున్నారు. మిగిలినవాళ్ళు కొండల్లోకి పోయారు, దొరికినవాళ్ళు సిద్నా అనే గనిలోకి. జైలూ అదే, గనీ అదే. ఖైదీలు తవ్వితే వెండి సిల్వర్‌బ్లడ్ కుటుంబానికి. లోపల బ్రెయిగ్ అని ఒక పెద్దాయన ఉంటాడు. తిరుగుబాటు నాయకుడితో ఒక్కసారి మాట్లాడాడంతే. నాన్న బదులు నన్ను తీసుకోండని కూతురు బతిమాలితే, ఆయన కళ్ళ ముందే ఆమె తల నరికి, తర్వాత ఆయన్నీ గనిలోకే తోశారు. ఈ మాటలు చదివి ముందుకి పోవడం మాలో ఎవరికీ తేలిక కాలేదు.

ఆ నాయకుడి పేరు మడనాక్. అతను కూడా మచ్చలేని మనిషి కాదు. గనిలోంచే పట్నంలో హత్యలు చేయిస్తాడు. గని యజమాని థోనార్ అతన్ని చంపకుండా ఎందుకు ఉంచాడంటే, తనకి గిట్టనివాళ్ళ మీదికి ఫోర్స్‌వోర్న్‌ని ఉసిగొల్పడానికి. తిరుగుబాటుని కూడా సొంత పనికి వాడుకునే ఆసామి! ఇంత బాగా రాసినవాళ్ళే బయట మిగిలిన ఫోర్స్‌వోర్న్ మకాములన్నిటినీ కనబడగానే చంపాల్సిన గుంపులుగా వదిలేశారు. మడనాక్‌తో కలిసి గని నించి బయటపడినా అతని మకాంలో వాళ్ళు మాత్రమే మనల్ని రానిస్తారు. కార్త్‌స్పైర్ వాళ్ళకి ఆ కబురు కూడా అందదు.

"ఫోర్స్‌వోర్న్ దారిన పోయేవాళ్ళని చంపుతారు, మంత్రగత్తెలతో కలిసి గుండెలు పీకే పూజలు చేస్తారు, వాళ్ళని వెనకేసుకొస్తారా" అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజమే, ఆటలో అలాగే చూపించారు. కొండజనానికి నరబలి అంటగట్టడం ఎక్కడో విన్నట్టు లేదూ? సరే, అది అలా ఉంచండి. డ్రాగన్లు కూడా కనబడగానే ఊళ్ళు కాలుస్తాయి. అయినా వాటిలో ఒకదానికి శిఖరం ఇచ్చారు, తాతలాంటి గొంతు ఇచ్చారు, మారియోకి గొంతిచ్చిన చార్లెస్ మార్టినెట్ చేత చెప్పించారు, ఆగి ఆలోచించే టైం ఇచ్చారు. అంత సేపు మాట వింటే ఎవర్నైనా చంపడానికి చెయ్యి రాదు. కార్త్‌స్పైర్‌లో ఒక్కరికైనా అలాంటి నాలుగు మాటలు రాసుంటే వాళ్ళ గురించి కూడా పదేళ్ళు వాదించుకునేవాళ్ళం.

మన గ్రూప్‌లో గేమ్ డిజైన్, యానిమేషన్ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మీ ప్రాజెక్టులో రాక్షసుణ్ణి పెడతారు, పెట్టండి, మంచీ చెడూ కలిసినవాణ్ణే పెట్టండి. వాడి కొండ కింద గుడారాల్లో ఎవరున్నారో వాళ్ళకి కూడా పేర్లు పెట్టండి.

మా ఆటలో పార్థర్నాక్స్ బతికే ఉన్నాడు. ఎస్బర్న్ చెప్పిన పని జర్నల్లో అలాగే పడి ఉంది. ఉండనీ.