కాదన్నదెవరు?

మా మైపాడు తీరపు ఆడపిల్ల అర్ధరాత్రి దరఖాస్తు పంపితే అరగంటకే తిరస్కారం వచ్చింది. ఆ వేళప్పుడు దాన్ని చదివిన మనిషెవరు? కృత్రిమ మేధకు పక్షపాతముండదని వాదించే బ్లాగ్మిత్రులారా, అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారుచేసిన యంత్రం పాత దరఖాస్తులను చూసి నేర్చుకుని, రెండు మహిళా కళాశాలల పట్టభద్రులకు విలువ తగ్గించిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. ఈ తీరపు పిల్లలెందరో చదివినదీ నెల్లూరు దొడ్ల కౌసల్యమ్మ ప్రభుత్వ మహిళా కళాశాలలోనే!

వెనకటి సిఫారసుల కాలం గొప్పదని అనను. అయినా అప్పుడు గుమాస్తా బల్ల ముందు నిలబడి ఎందుకని నిలదీయగలిగేవాళ్ళం. ఇటువంటి యంత్రాన్ని వాడే సంస్థ అభ్యర్థికి 10 పనిదినాల ముందే ఆ సంగతి తెలపాలని న్యూయార్కు నగరం 2023 నుంచి అమలు చేస్తోంది. మా పిల్లకు తిరస్కరించిన తర్వాతైనా ఎవరూ చెప్పలేదు. ఆ లేఖ అడుగున సంతకం లేదు. జవాబివ్వవద్దని మాత్రం ఉంది.