మాసాబ్ లేని బడికి పిల్లలెందుకొస్తారు?

ఉర్దూ మీడియం బడి గురించి నోరు తెరిస్తే చాలు, రెండు జవాబులు తయారుగా ఉంటాయి. తెలుగు దోస్తులేమో "ఇంకా మదర్సాలెందుకు భాయ్, జమానా మారింది కదా" అంటారు. మనోళ్లేమో "ఉర్దూ చదివితే నౌకరీ ఎక్కడొస్తది మియా" అంటారు. మొదటి మాట తెలియక అనేది. రెండోది భయంతో అనేది. ఈ రెండు మాటల చాటున సర్కారు మాత్రం ఆరాంగా కూర్చుంది.

ముందు మదర్సా సంగతి తేల్చేద్దాం. నేను మాట్లాడేది సర్కారీ బడి గురించి. అక్కడ అదే లెక్కలు, అదే సైన్సు, అదే సోషల్, అదే పదో తరగతి బోర్డు ఇమ్తెహాన్. జబాన్ ఒక్కటే వేరు. మదర్సా వేరే చీజ్. 2006లో సచార్ కమిటీ హిసాబ్ తీస్తే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేవాళ్లు నూటికి నలుగురిని మించలేదు. తక్కిన వాళ్లంతా మీ పిల్లల్లాగే బడికి పోయేవాళ్లు, లేదంటే ఏ బడికీ పోలేనివాళ్లు. ఈ పోలేనివాళ్ల కోసమే బస్తీ బడి ఉండాలని నా వాదన.

నేను అట్లాంటి బడిలోనే చదివిన. వరంగల్‌లో మండీ బజార్ దగ్గరి బస్తీ మాది. మా అబ్బా ఆజంజాహీ మిల్లులో మజ్దూర్. 1934లో నిజాం తన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద పెట్టిన మిల్లు అది. మా మొహల్లాకు మిల్లు సైరనే గడియారం. బడికి నాలుగు కమ్రాలు, పైన పెంకులు, ముందు ఒక వేపచెట్టు. కింద టాట్ పట్టీలు. ఆధా ఛుట్టీలో గేటు బయట ఒక పెద్దమ్మ జామకాయలు, ఉడికించిన శనగలు అమ్మేది. మేము తెలుగులో బేరం చేస్తే ఆమె ఉర్దూలో గదమాయించేది. ఎవరి జబాన్ ఎవరిదని ఆ గేటు దగ్గర ఎవరూ అడగలేదు.

వరుసగా రెండ్రోజులు హాజ్రీ పడకపోతే మాసాబ్ సైకిలేసుకుని ఇంటికొచ్చేవారు. గడప బయటే నిలబడి "బచ్చా కైకు నై ఆరా?" అని అడిగేవారు. అమ్మీ పరదా వెనక నుంచి జవాబు చెప్పేది. మాసాబ్‌కు ఏ ఇంట్లో జ్వరముందో, ఏ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదో తెలుసు. అక్షరం రాని మా అమ్మీ మాసాబ్‌తో తన జబాన్‌లోనే నిలదీసి మాట్లాడగలిగింది. బడి భాష ఇంటి భాష అయితే వచ్చే ఫాయిదా అది. ఇప్పుడు పేరెంట్స్ మీటింగుల్లో ఆఖరి కుర్చీలో తలొంచుకుని, ప్రోగ్రెస్ కార్డు మీద దస్తఖత్ చేసి వచ్చేసే అమ్మీలను చూస్తుంటే ఆ ఫాయిదా విలువ తెలుస్తోంది.

మాకు తెలుగు చెప్పే సార్ హనుమకొండ నుంచి వచ్చేవారు. ఆయన చిన్నప్పుడు చదివింది కూడా ఉర్దూ మీడియమే. నిజాం జమానా కదా. ఒకరోజు బోర్డు మీద వరుసగా రాశారు: తారీఖు, జవాబు, దుకాణం, కాగితం, వకీలు, జిల్లా, రైతు. "ఇవన్నీ మీ ఇంటి నుంచి వచ్చి మా ఇంట్లో స్థిరపడ్డ మాటలు. మీకు తెలుగు సగం వచ్చేసినట్టే, మిగతా సగం నేను నేర్పిస్తా" అన్నారు. నేర్పించారు. ఆ మిగతా సగం పట్టుకునే నేను తెలుగులో డిగ్రీ చేసిన, అఖ్బార్‌లో నౌకరీ సంపాదించిన. ఉర్దూ బడి పిల్లల్ని తెలుగుకు దూరం చేస్తుందనే వాళ్లకు నా జవాబు మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగే.

ఇక అసలు మామ్లాకొద్దాం. "పిల్లలు రావట్లేదు, అందుకే ఉర్దూ బడులు మూతపడుతున్నాయి" అంటారు అధికారులు. ఈ మాటను తిరగేసి చదవండి. ముందు ఉస్తాద్ రిటైర్ అవుతారు. ఆ కుర్చీ ఏళ్లకేళ్లు ఖాళీగా ఉంటుంది. లెక్కలు చెప్పేవాళ్లు లేని బడికి ఏ తల్లి పంపుతుంది? పిల్లలు తగ్గుతారు. తగ్గారు కాబట్టి ఉన్న ఒక్క టీచర్‌ను ఇంకో చోటికి సర్దుతారు. ఆఖరుకు "సంఖ్య లేదు" అని పక్క బడిలో కలిపేస్తారు. రోగికి అన్నం పెట్టడం మానేసి, బరువు తగ్గాడని కేస్ షీట్‌లో రాసుకునే ఇలాజ్ ఇది.

కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉంటాయో కూడా వినండి. డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులకూ రోస్టర్ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులకు ఉర్దూ మీడియంలో చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టు నిండదు. వచ్చే డీఎస్సీలోనూ అదే తమాషా. ఇటువైపు ఉర్దూలో బీఈడీ చేసిన మన పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని ప్రైవేటు బడుల్లో చిల్లర జీతాలకు పనిచేస్తుంటారు. టీచర్లు దొరకడం లేదనే మాట ఝూట్. 1998లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ పెట్టుకున్న హైదరాబాద్‌లో ఆ మాట ఎట్లా చెల్లుతుంది?

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. నేను రిజర్వేషన్లకు ఖిలాఫ్ కాదు. 2007 నుంచి బీసీ-ఈ కింద మన పిల్లలూ 4 శాతంతో చదువుకుంటున్నారు. దళితుల పోస్టు ఒక్కటి కూడా పోకూడదు. ఉర్దూలో నిండని పోస్టులను లెక్కగట్టి, అన్నే పోస్టులు అభ్యర్థులున్న తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో ఎస్సీ, ఎస్టీలకు ఇవ్వండి. ఉర్దూ కుర్చీలు ఉర్దూ వచ్చినవాళ్లతో నింపండి. ఇప్పుడు ఆ పోస్టుల వల్ల వాళ్లకూ ఫాయిదా లేదు, మాకూ లేదు.

బడులు కలిపేస్తే ముందు నష్టపోయేది ఆడపిల్లలు. గల్లీలో ఉన్న బడికి పంపే అబ్బా, మెయిన్ రోడ్డు దాటాల్సిన బడికి పంపడు. ఆటో కిరాయి లేదంటాడు, జమానా బాగాలేదంటాడు. ఆ పిల్ల ఏడో జమాత్‌తో ఆగి కుట్టు మిషన్ ముందు కూర్చుంటుంది. ఆ తర్వాత మనం "ముస్లింలు ఆడపిల్లల్ని చదివించరు" అని వ్యాసాలు రాస్తాం.

"నిజాం కాలంలో తెలుగు పిల్లల నెత్తిన ఉర్దూ రుద్దలేదా?" అని కొందరు అడుగుతారు. రుద్దారు. అది జుల్మే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో మా హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం పుట్టింది తెలుగుకు నిలబడే చోటు కావాలనే. ఆ లైబ్రరీలను గౌరవించేవాళ్లు మా బస్తీ బడి బాధను అందరికన్నా ముందు అర్థం చేసుకోవాలి. మాదరీ జబాన్ హక్కు ఎవరికైనా ఒక్కటే. రాజ్యాంగంలో 350ఎ ఆర్టికల్ చెప్పేదీ అదే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేట్టు చూడాలని 1956 నుంచీ అక్కడ రాసి ఉంది.

సర్కారును అడిగాక మనోళ్లనూ అడగాలి. ముషాయిరాలో ముందు వరసలో కూర్చుని వాహ్ వాహ్ అంటారు. పెళ్లి రుఖా ఉర్దూలో నగిషీగా అచ్చేయిస్తారు. ఇంట్లో పిల్లలకు ఆ రుఖా చదవడం రాదు. 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో ఉర్దూను రెండో అధికార భాష చేశామని జల్సాలు చేసుకున్నారు. ఆఫీసు బోర్డు మీద ఉర్దూ రాయించిన లీడర్లు, బడిలో ఆ బోర్డు చదవడం నేర్పే ఉస్తాద్ ఉన్నాడా అని అడిగారా? చదివే పిల్లలే లేకపోతే ఆ బోర్డు ఎవరి కోసం?

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. 2022-23 నుంచి సర్కారీ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఖుషీ. ఉర్దూ బడి పిల్లలకూ మంచి ఇంగ్లీషు టీచర్‌ను, మంచి తెలుగు టీచర్‌ను ఇవ్వండి. నాకు తెలుగు అందింది నా జబాన్‌లో వివరించే సార్ ఉండబట్టే. ఇంగ్లీషూ అట్లాగే అందుతుంది.

అడిగేది ఖైరాత్ కాదు, హక్. నిండని పోస్టుల లెక్క జిల్లాల వారీగా బయటపెట్టండి. రోస్టర్ చిక్కు విప్పండి. ఉస్తాద్‌ను ఇవ్వకుండా "సంఖ్య లేదు" అని ఏ ఉర్దూ బడినీ మూయకండి. మూడేళ్లు అన్ని కుర్చీలూ నింపి చూడండి. అప్పటికీ పిల్లలు రాకపోతే నేనే వచ్చి మీ కాగితం మీద దస్తఖత్ చేస్తా.