చెడగొట్టనివ్వండి!

"ఫ్లాష్ జోలికి పోకండి, బోర్డు చచ్చిపోతుంది!" మా ల్యాబులో బీగిల్‌బోన్ బ్లాక్ చేతికిస్తూ చెప్పే మొదటి పాఠమిది. ఈ భయం అనవసరమని నా అభిప్రాయం. కరెంటు రాగానే ముందు మేలుకొనేది చిప్‌లోని రోమ్. దాన్ని మనం చెరపలేం. అది యూ-బూట్‌ని లేపుతుంది, యూ-బూట్ లినక్స్‌ని లేపుతుంది. ఓసారి నేను ఫ్లాష్‌లో తప్పుడు యూ-బూట్ రాసేశాను. బోర్డు ఉలకదు, పలకదు! ఎస్2 బటన్ నొక్కిపట్టి కరెంటిచ్చి, మెమరీ కార్డు నుంచి లేపి, సరైనది మళ్లీ రాశాను. ఆ గంటలో నేర్చుకున్నంత సెమిస్టరంతా నేర్చుకోలేదు.

గురువర్యులారా! ఒడ్డున కూర్చుంటే ఈత రాదు కదా. ప్రతి విద్యార్థినీ ఒక్కసారైనా చెడగొట్టనివ్వండి. బాగు చేసేదాకా మాత్రం ఇంటికి పంపకండి.