సూరత్‌లో సామాన్యుని మాట ఎవరికి పట్టింది?

సూరత్ నగరానికి దక్షిణాన, ఉధ్నా, భేస్తాన్‌లు దాటి సచిన్ పారిశ్రామికవాడ వైపు వెళ్లే దారిలో ఉన్ అనే శివారు ప్రాంతం ఉంది. 1994లో అది నగర పాలక సంస్థ పరిధికి వెలుపలి గ్రామం. 2006లో నగరంలో కలిసింది. మరమగ్గాలు, అద్దకం మిల్లులపై ఆధారపడి బతికే ఇటువంటి శివార్లలో ప్రభుత్వ ప్రకటన కన్నా పక్క గదిలోని తోటి కార్మికుని మాటకే విలువ ఎక్కువ. ఇది చదువులేమి వల్ల కలిగిన బలహీనతగా అధికారవర్గాలు ఏనాడో తేల్చివేశాయి. వదంతులను నమ్మవద్దని ప్రజలకు విజ్ఞప్తి చేయని ప్రకటన ఏ విపత్తులోనూ వెలువడదు. అయితే 1994 సెప్టెంబరు నాటి ప్లేగు ఉదంతాన్ని మరొకసారి తిరగవేస్తే, ఆనాడు పక్క గదివాని మాట అంత తీసివేయదగినదేమీ కాదని స్పష్టమవుతుంది.

ఆ ఏడాది వర్షాలకు తాపీ నది పొంగి నగరంలోని పల్లపు ప్రాంతాలను ముంచెత్తింది. నీరు తీసిన తరువాత చెత్త, బురద, పశువుల కళేబరాలు రోజుల తరబడి వీధుల్లోనే ఉండిపోయాయి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కేసులు అప్పటికే బయటపడ్డాయి. సెప్టెంబరు మూడో వారంలో సూరత్‌లోని వేడ్ రోడ్డు పరిసరాల్లో జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్లెతో మనుషులు హఠాత్తుగా మరణించసాగారు. తాగునీటిలో విషం కలిసిందన్న పుకారు మొదట వ్యాపించింది. ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట ఆ వెంటనే వచ్చింది. రైళ్లు, బస్సులు, లారీలు, దొరికిన ప్రతి వాహనమూ కిటకిటలాడాయి. 1991 జనాభా లెక్కల ప్రకారం 15 లక్షల మంది ఉన్న నగరం నుంచి కొద్ది రోజుల్లో ఎందరు వెళ్లిపోయారన్న దానిపై అంచనాలు మూడు లక్షల నుంచి ఐదారు లక్షల వరకు ఉన్నాయి.

దీనిని ఆనాటి వార్తలు భయోత్పాతం అన్నాయి. మాట తప్పు కాదు గాని, అది సగం సత్యమే. కార్మికుడు తన కళ్లతో చూసిన సాక్ష్యాలు కొన్ని ఉన్నాయి. పలువురు ప్రైవేటు వైద్యులు ఆసుపత్రులకు తాళాలు వేసి తామే ముందుగా ఊరు విడిచారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ కరవైంది. ప్రభుత్వాసుపత్రి నుంచి రోగులు పారిపోకుండా అడ్డుకునేందుకు ర్యాపిడ్ యాక్షన్ ఫోర్సు దళాలను దించారు. డాక్టరు పారిపోయిన ఊళ్లో, రోగికి తుపాకుల కాపలా పెట్టిన ఊళ్లో, పరిస్థితి అదుపులోనే ఉందన్న ప్రకటనను ఎవరు నమ్మాలి? ఊపిరితిత్తుల ప్లేగు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి అంటుతుంది. లక్షణాలు కనిపించిన ఒకటి రెండు రోజుల్లో తగిన మందు పడకపోతే ప్రాణం దక్కడం కష్టం. ఒకే గదిలో పగటి షిఫ్టు వారు కొందరు, రాత్రి షిఫ్టు వారు కొందరు వంతులవారీగా నిద్రించే చోట ఈ లక్షణానికి అర్థమేమిటో వైద్యగ్రంథం చదివి తెలుసుకోనక్కరలేదు.

మూకుమ్మడిగా కదలడం వల్ల వ్యాధి దేశమంతా పాకే ప్రమాదం ఉండిన మాట నిజమే. అదృష్టవశాత్తు అలా జరగలేదు. దేశం మొత్తం మీద మరణాలు 50 పైచిలుకు వద్దనే ఆగాయి. ప్రయాణాలపై ఆంక్షలు అనవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా, కొన్ని గల్ఫ్ దేశాలు భారత్‌కు విమానాలను నిలిపివేశాయి. ఎగుమతులు, పర్యాటకం దెబ్బతిన్నాయి. సూరత్ వజ్రాల సానలు, మరమగ్గాలు మూగబోయాయి. ఇక్కడ ఒక వింత గమనించదగినది. మగ్గం కార్మికుడు మూట సర్దుకుంటే అది వదంతికి లొంగిపోవడం అయింది. ఒక దేశ ప్రభుత్వం విమానాన్ని ఆపివేస్తే అది ముందుజాగ్రత్త అయింది. రెండింటికీ ఆధారం ఒకటే. సూరత్ నుంచి వస్తున్న సమాచారంపై ఇద్దరికీ నమ్మకం లేదు.

తెలుగు పాఠకులకు ఈ ఉదంతం పరాయి రాష్ట్రపు ముచ్చట కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి భివండి, షోలాపూర్‌లకు వలె సూరత్‌కు కూడా పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే తరలిపోయాయి. లింబాయత్ వంటి పేటలు తెలుగువారికి పెట్టింది పేరు. సూరత్ నగర పాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, హిందీ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులను కూడా నడుపుతోందంటే ఆ వలస ఎంత పాతదో అర్థం చేసుకోవచ్చు. మీటరు లెక్కన కూలి తీసుకునే నేత కార్మికునికి మగ్గం ఆగిన రోజు డబ్బు లేదు. అటువంటివాడు కూలి వదులుకొని, సామాను వదులుకొని వెళ్లాడంటే, ఆ నిర్ణయం వెనుక లెక్క లేదనడం సాహసమే.

అసలు అది ప్లేగేనా అన్న వాదం వైద్యుల మధ్య నెలల తరబడి సాగింది. నిజం తేల్చేందుకు కేంద్రం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి అధ్యక్షత వహించారు. అది ప్లేగేనని ఆ సంఘం 1995లో నిర్ధారించింది. అంటే నిపుణులు ఏడాది కాలంలో తేల్చుకున్న విషయంపై వేడ్ రోడ్డు వాసి ఒక్క రాత్రిలో నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. నీటిలో విషం అన్నది అబద్ధమని తేలింది. ప్లేగు అన్నది నిజమని తేలింది. రెండింటినీ వదంతి అన్న ఒకే గాటన కట్టివేయడం వల్లనే ప్రకటనల మాట చెల్లకుండా పోయింది.

పోయిన నమ్మకం తిరిగి ఎలా వచ్చిందన్నది అంతకన్నా ఆసక్తికరం. 1995 మేలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ప్రజలకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. నగరాన్ని ఆరు మండలాలుగా చేసి, అధికారాలు కింది స్థాయికి పంచి, అధికారులు ప్రతిరోజూ ఉదయం వీధుల్లోకి వెళ్లి తీరాలన్నారు. పలుకుబడిగల వారి అక్రమ కట్టడాలను కూల్చారు. మురికి హోటళ్లకు జరిమానాలు విధించారు. 1996లో ఇంటాక్ సంస్థ దేశంలో చండీగఢ్ తరువాత పరిశుభ్రమైన నగరం సూరతేనని ప్రకటించింది. రావుకు 1998లో పద్మశ్రీ లభించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానం పంచుకున్నది. తన వీధిలో చెత్త ఎత్తడం కళ్లారా చూసినవాడు మునిసిపాలిటీ మాట వింటాడు. అయితే ఆనాటి చీపురుకు ఒక హద్దు ఉంది. పరిధి కాదు గనుక ఉన్ దాకా అది రాలేదు.

2020లో మళ్లీ అదే ప్రశ్న ఎదురైంది. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించిన లాక్‌డౌన్ అర్ధరాత్రి నుంచి అమలులోకి వచ్చింది. 1994లో కనీసం రైళ్లు నడిచాయి, ఈసారి అవీ లేవు. ఏప్రిల్ 10న సూరత్ కార్మికులు, ముఖ్యంగా ఒడిశా వారు, కూలి అయినా ఇవ్వండి, ఊరికైనా పంపండి అంటూ వీధికెక్కారు. శాంతిభద్రతల సమస్యగా దానిని పరిగణించి పోలీసులు అరెస్టులు చేశారు. వలస కార్మికుల కోసం తొలి ప్రత్యేక రైలు మే 1న కదిలింది. అది కూడా సూరత్ నుంచి కాదు, తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు. వీధికెక్కిన మూడు వారాలకు గాని కార్మికుల అభిప్రాయం రైల్వే శాఖకు అర్థం కాలేదనుకోవాలి.

అభిప్రాయం చెప్పడానికి ఎన్నికలు ఉన్నాయి కదా అనేవారు ఉంటారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు ఉపసంహరించుకోవడంతో సూరత్ స్థానం ఏప్రిల్ 22నే ఏకగ్రీవమైంది. అక్కడి ఓటరును ఎవరూ ఏమీ అడగలేదు. లింబాయత్, ఉన్ వంటి దక్షిణ ప్రాంతాలు నవ్‌సారి నియోజకవర్గంలో ఉన్నందున అక్కడ మే 7న పోలింగ్ జరిగింది. మగ్గం లింబాయత్‌లో, ఓటు సిరిసిల్లలో ఉన్న నేత కార్మికునికి పోలింగ్ మే 13న. కూలి పోగొట్టుకొని, ఉధ్నాలో రైలెక్కి, ఎండలో ఇంత దూరం వస్తేనే ఆ ఓటు. వలస వెళ్లినవారు ఉన్న చోటి నుంచే ఓటు వేసేందుకు ఉద్దేశించిన యంత్రం నమూనాను చూడవలసిందిగా ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ప్రతిపక్షాలు అభ్యంతరాలు లేవనెత్తాయి. 2024 ఎన్నికల్లో ఆ యంత్రం ఏ పోలింగ్ కేంద్రానికీ చేరలేదు.