శ్రీలంక సభలో ప్రశ్న – కూలి కంచంలో మెతుకు

పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు లేచి ప్రభుత్వాన్ని నాలుగు ప్రశ్నలు వేస్తే కూలివాడికి ఒరిగేదేముంది? పొద్దస్తమానం నడుం వంచి నాటు వేసేవాళ్ళు ఇలా అడగడంలో తప్పులేదు. సభలో అరుపులు, బయట కరువులు – ఇది వాళ్ళు ఏళ్ళ తరబడి చూస్తున్నదే. అయితే ఆ ప్రశ్నను పట్టించుకోకపోతే ఏమవుతుందో, జనం దాన్ని చేతికి తీసుకుంటే ఏమవుతుందో సముద్రం అవతల శ్రీలంక చూపించింది. అది మన రైతు కూలీలు తెలుసుకోవలసిన కథ.

2019 నవంబరులో గోటాబయ రాజపక్స అధ్యక్షుడయ్యాడు. ఆ మరుసటి నెలలోనే పన్నులు తెగ్గోశాడు. 15 శాతం ఉన్న వ్యాట్‌ 8 శాతానికి దిగింది. లాభపడింది ఎవరు? పెద్ద వ్యాపారులు, కంపెనీలు. ఖజానా వట్టిపోయింది. ఆ వెనుకే కరోనా వచ్చి పర్యాటకం డబ్బునూ ఎండగట్టింది. 2020 అక్టోబరులో దిగుమతి పంచదార మీద కిలోకు 50 రూపాయలున్న సుంకాన్ని ఒక్క దెబ్బతో 25 సెంట్లు చేశారు. ఆ మేరకు జనానికి పంచదార చౌకైందా అంటే లేదు. తేడా అంతా దిగుమతిదారుల జేబుల్లోకే పోయింది. ఇదేం లెక్క అని ప్రతిపక్షం సభలో నిలదీసింది. పాలకపక్షానికి చేతులెత్తే మంది ఉన్నారు గనుక ప్రశ్న గాలికి పోయింది.

తర్వాత దెబ్బ నేరుగా పొలం మీద పడింది. 2021 మే 6న రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతిని నిషేధించారు. రాత్రికి రాత్రి దేశమంతా సేంద్రియ వ్యవసాయమట! సేంద్రియ ఎరువు మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. నేలకు పశువుల ఎరువు మేలని మన ముసలి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ దేశానికంతటికీ చాలినంత ఎరువు ఎక్కడినుంచి తెస్తారు, ఎన్నాళ్ళలో తెస్తారు, ఈలోగా దిగుబడి పడిపోతే ఆ నష్టం ఎవరు భరిస్తారు – ఈ మూడు ప్రశ్నలకూ ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. అసలు సంగతి డాలర్ల కొరత. ఎరువు కొనే డాలర్లు మిగుల్చుకోవాలన్న ఆత్రానికి ప్రకృతి ప్రేమ అని పేరు పెట్టారు.

ప్రతిపక్ష నాయకుడు సజిత్ ప్రేమదాస, ఆయన పార్టీ సభ్యులు, వామపక్ష సభ్యుడు అనుర కుమార దిసనాయకె ఈ సంగతిని మళ్ళీ మళ్ళీ లేవనెత్తారు. వ్యవసాయ శాస్త్రవేత్తలూ హెచ్చరించారు. పొలొన్నరువ, అనురాధపురం ప్రాంతాల వరి రైతులు రోడ్డెక్కారు, వ్యవసాయ మంత్రి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. చైనా నుంచి తెప్పించిన సేంద్రియ ఎరువులో హానికర బాక్టీరియా ఉందని ఓడను వెనక్కి పంపారు. చివరికి దించుకోని ఆ సరుకుకే 67 లక్షల డాలర్లు చెల్లించారు. 2021 నవంబరు 24న నిషేధం ఎత్తేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అప్పటికి మహా పంట నాట్లు సాగిపోతున్నాయి. నిషేధం పోయినా ఎరువు కొట్లో సరుకు లేదు, ఉన్నది కొనే స్థోమత రైతుకు లేదు.

ఫలితమేమిటి? బియ్యం దాదాపు తనకు తానే పండించుకునే దేశంలో 2022లో ధాన్యం దిగుబడి అంతకు ముందేటికంటే సుమారు మూడో వంతు పడిపోయింది. 2022 జనవరిలో ప్రభుత్వం వరి రైతులకు 4,000 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం ప్రకటించింది. భూమి ఉన్నవాడికి పరిహారమన్నారు, సరే. మరి కోతకు పోయేవాడి సంగతి? పండని పొలంలో కోత పని లేదు, మోత పని లేదు. పోయిన పనిదినాలకు పరిహారం ఏ ప్రభుత్వమూ రాయదు. దీన్ని మన కూలీలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

తేయాకు తోటల కూలీలను చూడండి. ఎన్నో ఏళ్ళు పోరాడితే 2021లో రోజు కూలి 1,000 రూపాయలైంది. అప్పుడు డాలరు 200 రూపాయలు. అంటే కూలి ఐదు డాలర్లు. 2022 మే నాటికి డాలరు 360 దాకా పోయింది. కూలి కాగితం మీద అంతే ఉంది, విలువ మూడు డాలర్ల లోపుకు జారింది. యజమాని పైసా తగ్గించలేదు, కూలీ మాత్రం దాదాపు సగం కోల్పోయాడు. ధరలు పెరగడమంటే ఎవరూ సంతకం చేయకుండానే కూలి కోసేయడం!

ఇంత జరుగుతుంటే పాలకులు ముందు ఎవరికి చెల్లించారు? 2022 జనవరి 18న విదేశీ బాండ్ల వాళ్ళకు 50 కోట్ల డాలర్లు. ఆ డబ్బుతో తిండీ మందులూ కొనండి, అప్పుల వాళ్ళతో గడువు మాట్లాడుకోండి అని ప్రతిపక్షం మొత్తుకుంది. వినలేదు. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 12న, విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. మే 24న లీటరు పెట్రోలు 420 రూపాయలు, డీజిలు 400 అయింది. ఆ ఏడాది సెప్టెంబరుకు ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది. తిండి వస్తువులకైతే 90 దాటింది. మన దేశం ఆ ఏడాది సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది, యూరియా పంపింది. తమిళనాడు బియ్యమూ పాలపొడీ పంపింది.

సభలో లెక్క ఎలా ఉందో చూద్దాం. మే 17న అధ్యక్షుడిపై అసంతృప్తి తీర్మానాన్ని వెంటనే చర్చకు తీసుకోమని అడిగితే 119 మంది వద్దన్నారు, 68 మంది కావాలన్నారు. ప్రశ్న ఓడిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, జులై 9న, జనం అధ్యక్ష భవనంలోకి నడిచి వెళ్ళారు. 13న ఆయన దేశం విడిచి పారిపోయాడు, 14న రాజీనామా పంపాడు. 119 చేతులు కాపాడలేని కుర్చీ అది. జులై 20న అదే సభ కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంది. రణిల్ విక్రమసింఘెకు 134 ఓట్లు, దిసనాయకెకు మూడంటే మూడు. ఆ మూడు ఓట్ల మనిషినే 2024 సెప్టెంబరులో జనం అధ్యక్షుడిగా గెలిపించారు. సభలో ఓడిన ప్రశ్న ఊళ్ళో గెలిచిందన్న మాట.

లంక జనానికి ఇది కొత్త కాదు. 1953లో ప్రభుత్వం రేషన్ బియ్యం ధరను కొలత ఒక్కింటికి 25 సెంట్ల నుంచి 70 సెంట్లకు పెంచింది, బడిపిల్లల మధ్యాహ్న భోజనం తీసేసింది. ఆగస్టు 12న వామపక్షాల పిలుపుపై దేశమంతా హర్తాళ్ జరిగింది. మంత్రివర్గం కొలంబో రేవులో బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి సమావేశం జరుపుకుంది! కాల్పుల్లో జనం చనిపోయారు. అక్టోబరులో ప్రధాని డడ్లీ సేనానాయకె దిగిపోయాడు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు బండారనాయకె. ఆయన పార్టీ హర్తాళ్‌లో పాల్గొనలేదు. 1956లో ప్రధాని అయింది మాత్రం ఆయనే. పోరాటం ఒకరిది, పంట ఇంకొకరిది.

అందుకే ప్రశ్న వేసేవాణ్ణి కూడా మనం ప్రశ్నించాలి. 2021–22లో శ్రీలంక ప్రధాన ప్రతిపక్షం ఎక్కువగా అడిగింది ఏమిటి? ఐ.ఎం.ఎఫ్. దగ్గరికి ఎప్పుడు పోతారు అని. పోయారు, 2023 మార్చిలో సుమారు 300 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. ఆ అప్పు షరతుల బరువు ఎవరి మీద అన్న అసలు ప్రశ్న అప్పుడు ముందుకొచ్చింది. 2023 జులై 1న స్వదేశీ అప్పుల సర్దుబాటును సభ 122–62 ఓట్లతో ఆమోదించింది. బ్యాంకుల చేతిలోని బాండ్ల జోలికి పోలేదు. కార్మికుల భవిష్య నిధి మీద మాత్రం చెయ్యి వేశారు: వడ్డీ తగ్గించుకుంటారా, లేక 14 శాతం పన్ను కాస్తా 30 శాతం కట్టుకుంటారా అని. గోరుచుట్టు మీద రోకటిపోటు! ప్రతిపక్షం వ్యతిరేకించింది, నిజమే. కానీ అప్పుల ఒప్పందానికి తొందరపెట్టినవాళ్ళు, కష్టజీవి పొదుపు జోలికి పోకూడదన్న షరతును కూడా ఆనాడే గట్టిగా పెట్టి ఉండవలసింది.

ఇప్పుడు మన మాట. ఎరువు కొట్టు ముందు పాసు పుస్తకాలు, చెప్పులు వరసలో పెట్టి తెల్లవార్లూ కాచుకునే రైతు మనకూ ఉన్నాడు. పని దొరకని కూలీ మనకూ ఉన్నాడు. సభలో ప్రశ్న వేశారని పేపర్లో చదివి ఊరుకుంటే సరిపోదు. ఏం అడిగారు, ఏం జవాబొచ్చింది, ఆ జవాబులో కూలి మాట ఉందా లేదా – ఇది రచ్చబండ దగ్గర, కూలీల అడ్డా మీద, సంఘం సమావేశంలో చదివి వినిపించాలి. మన పనిదినాల లెక్క మనమే రాసి, మన ఓటు తీసుకుని వెళ్ళిన సభ్యుడి చేతికివ్వాలి. అధికారపక్షమైనా సరే, ప్రతిపక్షమైనా సరే. పన్ను తగ్గించేటప్పుడు ఎవరికి, అప్పు తీర్చేటప్పుడు ఎవరి జేబులోంచి అని అడగడం నేర్చుకుంటే ఆ సభలో లేచే గొంతుకు బలం వస్తుంది. బయట జనం లేకపోతే అక్కడ లెక్కకొచ్చేవి ఎత్తిన చేతులే.