ఊపిరి చూసి... కిరణం!

నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీల్చి వదులుతుంటాం. ఆ సంగతి మనకు గుర్తుకూడా ఉండదు. ఊపిరితిత్తుల్లోని కణితికి రేడియేషన్ ఇచ్చే డాక్టర్లకు మాత్రం అదే పెద్ద చిక్కు! రోగి బల్లమీద కదలకుండా పడుకున్నా లోపల కణితి కదులుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల అడుగు భాగంలో ఉన్నదైతే ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా పైకీ కిందకీ జరగొచ్చు.

అలా జరిగే మేరంతా కలిపి రేడియేషన్ ఇస్తే కణితి తప్పించుకోదు. కానీ చుట్టూ ఉన్న మంచి భాగమూ దెబ్బతింటుంది. గోదావరిఖని లాంటి బొగ్గు ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడమే అతిపెద్ద కారణం. అయితే బాయిలో రాతి పొరలకు రంధ్రాలు వేసేటప్పుడు లేచే సిలికా ధూళినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్ కారకమని తేల్చింది. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి గట్టిపడిన ఊపిరితిత్తుల్లో మిగిలిన ప్రతి మంచి భాగమూ విలువైనదే.

మరి దారేమిటి? షాట్‌ఫైరర్ అందరూ పక్కకు తప్పుకున్నారని చూసుకున్నాకే మందు పేలుస్తాడు కదా... ఇక్కడా అంతే. రోగి పొట్టమీద చిన్న ప్లాస్టిక్ పెట్టె ఉంచుతారు. దానిమీది మెరిసే చుక్కల్ని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా గమనిస్తుంది. ఊపిరి లయ తెరమీద అలలా కనిపిస్తుంది. ముందుగా తీసే ‘4డి సీటీ’ స్కాన్ ఊపిరిలోని ఏ దశలో కణితి ఎక్కడుంటుందో చూపిస్తుంది. కణితి అనుకున్న చోటికి వచ్చినప్పుడే కిరణం వెలువడుతుంది, జరగగానే ఆగిపోతుంది. దీన్నే ‘గేటింగ్’ అంటారు. జపాన్ వైద్యులు 1980ల చివర్లోనే దీన్ని ప్రయత్నించారు. కణితి 5 మిల్లీమీటర్లకు మించి కదులుతుంటే ఇలాంటి జాగ్రత్త అవసరమని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2006లో సూచించింది.

ఊపిరి బిగబట్టించి కిరణం ఇచ్చే పద్ధతీ ఉంది. ఎడమ రొమ్ము క్యాన్సర్‌లో గుండెను కాపాడేందుకు దీన్ని బాగా వాడతారు. కానీ నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడే మాజీ కార్మికుడు ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాలంటే కష్టమే. అలాంటివారికి మామూలుగా ఊపిరి తీసుకోనిచ్చే గేటింగ్ గానీ, పొట్టను కాస్త అదిమి ఉంచే బెల్టు గానీ నయం.

అందుకే చికిత్సకు హైదరాబాద్ వెళ్లినప్పుడు బాయిలో ఎన్నేళ్లు, ఏ పని చేశారో, ఆయాసం ఎంతుందో డాక్టరుకు తప్పక చెప్పాలి. ఊపిరి కదలికను ఎలా లెక్కలోకి తీసుకుంటున్నారో అడగాలి. స్కాన్ రోజున గట్టిగా పీల్చి చూపించనక్కర్లేదు. రోజూ ఎలా పీలుస్తారో అలాగే పీల్చాలి. ఎందుకంటే యంత్రం నేర్చుకునేది ఆ ఊపిరినే!