కాటా కొనేవాడి చేతిలో ఉంటే...

వేలంపాట అంటే మనకు తెలిసింది ఒకటే. పాట పెరుగుతూ పోవాలి, ఎవరు ఎక్కువ పాడితే సరుకు వాళ్లది. దాన్నే తిరగేస్తే? ‘నాకు ఫలానా విడిభాగం లక్ష కావాలి’ అంటాడు కొనేవాడు. దాన్ని తయారుచేసే నలుగురూ నాలుగు ఊళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఒకరు వంద అంటే ఇంకొకరు తొంభై ఎనిమిది అంటారు. మరొకరు తొంభై అయిదు! తెరమీద అంకె దిగుతున్నకొద్దీ కొనేవాడి మొహం వెలుగుతుంది. అమ్మేవాడి లాభం కరుగుతుంది. దీన్నే రివర్స్ ఆక్షన్ అంటారు.

ఇలాంటి వేలాలతో, ఆర్డర్లతో ప్రపంచంలోనే అతి పెద్ద ఆన్‌లైన్ బజారు పెట్టాలని ఒకప్పుడు అమెరికా కార్ల కంపెనీలు కలగన్నాయి. ఆ కల పేరు కోవిసింట్.

శత్రువులంతా ఒక్కటై...

జనరల్ మోటార్స్, ఫోర్డ్... మార్కెట్లో ఒకరి నీడ ఒకరికి గిట్టదు. 1999 నవంబరులో ఎవరికి వారే ఆన్‌లైన్ బజార్లు ప్రకటించారు. జీఎంకు కామర్స్ వన్, ఫోర్డ్‌కు ఒరాకిల్ సాంకేతిక సాయం. ఇలా కంపెనీకో పద్ధతి అయితే విడిభాగాలు చేసేవాళ్ల గతేం కాను? ఒకే బోల్టును ఇద్దరికి అమ్మడానికి రెండు రకాల సాఫ్ట్‌వేర్లు పెట్టుకోవాలి!

అందుకే 2000 ఫిబ్రవరి 25న జీఎం, ఫోర్డ్, డైమ్లర్ క్రిస్లర్ చేతులు కలిపాయి. తర్వాత రెనో, నిస్సాన్ కూడా వచ్చాయి. ముగ్గురు పెద్దలూ కలిసి కొనే సరుకు విలువ ఏడాదికి సుమారు 24,000 కోట్ల డాలర్లని అప్పట్లో లెక్క వేశారు. అంత పెద్ద కొనుగోలుదారులు ఒక్కచోట చేరితే అమ్మేవాళ్లు బతుకుతారా అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరా తీసింది. బజారు ఇంకా మొదలే కాలేదు కాబట్టి సెప్టెంబరులో ప్రస్తుతానికి సరేనంది, అవసరమైతే మళ్లీ చూస్తామంది.

ప్రభుత్వం సరేనంటే చాలదు కదా. బజారుకి అమ్మేవాడు కూడా రావాలి!

అమ్మేవాడి అనుమానం

కాగితాల పని తగ్గుతుంది, ఆర్డర్లలో తప్పులుండవు, ఖర్చు కలిసొస్తుంది... చెప్పడానికి అన్నీ బాగున్నాయి. కానీ కలిసొచ్చిన ఆ రూపాయి ఎవరి జేబులోకి? చిన్న వర్క్‌షాపు యజమానికి వచ్చిన అనుమానం ఇదే. బజారు కొనేవాడిది, నియమాలు కొనేవాడివి, తన ధర తగ్గితే లాభమూ కొనేవాడిదే. పైగా తన గుట్టు పోటీవాడికి ఎక్కడ తెలిసిపోతుందోనన్న భయం. పెద్ద కంపెనీ రమ్మంటే రానని అనలేడు. వచ్చాడు, కానీ మనసు పెట్టలేదు.

ఇంకో చిక్కు... కారులో అన్నీ బోల్టులే ఉండవు. సీట్లు, బ్రేకుల వంటివి కార్ల కంపెనీ, తయారీదారు ఏళ్ల తరబడి కలిసి కూర్చుని రూపొందించుకుంటారు. వాటికి వేలం పెట్టి ఎవరు తక్కువ పాడితే వాళ్ల దగ్గర కొనేయడం కుదిరే పని కాదు. పెద్ద తయారీదారులకైతే కార్ల కంపెనీలతో నేరుగా కంప్యూటర్ లింకులు అప్పటికే ఉన్నాయి. మధ్యలో మరో బజారెందుకు?

యజమానుల మధ్యా నమ్మకం తక్కువే. ఏ భాగాన్ని, ఎన్ని, ఎప్పుడు కొంటున్నారో తెలిస్తే కొత్త మోడల్ గుట్టు రట్టయినట్టే. వోక్స్‌వ్యాగన్ అసలీ గొడవలోకే రాలేదు, సొంత వేదిక కట్టుకుంది. సాంకేతిక పనీ ఒకరికి ఇస్తే ఇంకొకరికి కోపం. అందుకని కామర్స్ వన్, ఒరాకిల్ రెండింటినీ పెట్టుకున్నారు. పూర్తిస్థాయి సీఈఓను తెచ్చుకోవడానికే ఏడాదికి పైగా పట్టింది. ఆయనా 2002లో వెళ్లిపోయారు.

2004 మొదలయ్యేసరికి వేలం వ్యాపారం ఫ్రీమార్కెట్స్ చేతికి పోయింది. ఫిబ్రవరిలో మిగిలినదాన్ని కంప్యూవేర్ కొనుక్కుంది. బజారు కల నాలుగేళ్లకే ముగిసింది.

బతికినవి ఎలా బతికాయి?

కోవిసింట్ పేరు మాత్రం అంతటితో పోలేదు. ఎవరు లాగిన్ అవుతున్నారో సరిచూడటం, ఒకరి సమాచారాన్ని ఇంకొకరికి భద్రంగా చేర్చడం... ఈ పనులతో అది చాలా ఏళ్లు నడిచింది. 2017లో ఓపెన్‌టెక్స్ట్ దాన్ని కొనుక్కుంది. బోయింగ్, లాక్‌హీడ్ మార్టిన్ వంటి విమాన కంపెనీలు 2000లో పెట్టిన ఎక్సోస్టార్, రసాయన కంపెనీలు పెట్టిన ఎలెమికా కూడా ఇలాంటి పనులతోనే నిలబడ్డాయి. ధర కోసం మెడలు వంచడం మాని దారి వేసే పని పెట్టుకున్నాయి. దారి అయితే ఇద్దరికీ కావాలి కదా!

మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది. సెయిల్, టాటా స్టీల్ చెరి సగం వాటాతో 2001లో మెటల్‌జంక్షన్ పెట్టాయి. అదే ఇప్పటి ఎంజంక్షన్. ఉక్కు అమ్మకంతో మొదలై బొగ్గు వేలాల దాకా వెళ్లింది. ఇక్కడ పాట పైకి వెళ్లేదే. పాడేవాడు ఎవరి చెప్పుచేతల్లోనూ లేడు. గిట్టుబాటు కాదనుకుంటే ఊరుకుంటాడు, అంతే.

పాఠం పాతదే అయినా మళ్లీ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తోంది. ఓడల్లో వెళ్లే సరుకు వివరాలన్నీ ఒకేచోట పంచుకుందామంటూ షిప్పింగ్ దిగ్గజం మెర్స్క్, ఐబీఎంతో కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ తెచ్చింది. సాంకేతికత కొత్తది... బ్లాక్‌చెయిన్! అయినా పోటీ కంపెనీ పెట్టిన వేదికలోకి రావడానికి మిగతావాళ్లు మొదట్లో వెనకాడారు. కొందరు పెద్దవాళ్లు తర్వాత చేరినా సరిపోలేదు. పరిశ్రమ అంతా కలిసి రాలేదంటూ 2022 నవంబరులో మూసివేత ప్రకటించారు.

సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా కావచ్చు. సంతకొచ్చిన రైతు మొదట చూసేది కాటా ఎంత మెరుస్తోందని కాదు, అది ఎవరి చేతిలో ఉందని!